పూలిదోర్ నిజంగా ఓడిపోయాడా? ఆ 55 సెకన్లు ఎక్కడ పోయాయి?

ప్రశ్న ఇది: “2021 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో మాథ్యూ వాన్ డెర్ పూల్ ఎల్లో జెర్సీ గెలిచి వెక్కి వెక్కి ఏడ్చాడు. తాతను తలచుకున్నాడని చెప్పారు. ఆ తాత రేమోన్ పూలిదోర్ ఎవరా అని వెతికితే టూర్ ఒక్కసారీ గెలవలేదు, ఎల్లో జెర్సీ ఒక్కరోజూ వేసుకోలేదు. అయినా ఐదు టూర్లు గెలిచిన జాక్ అంక్‌తిల్ కన్నా ఫ్రాన్స్‌లో ఇతన్నే ఎక్కువ ప్రేమించారట. నిజంగా అంత గొప్ప రైడరా, లేక పాపం అనే జాలా?”

జాలి కాదండీ. జాలి ఒక సీజనో రెండు సీజన్లో ఉంటుంది. 18 సీజన్లు తొక్కినంత కాలం, రిటైరయ్యాక ఇంకో నలభై ఏళ్లు ఒక మనిషి కనబడగానే జనం రోడ్డు మీదకొచ్చి పేరు పెట్టి పిలిచారంటే అందులో జాలి పాలు చాలా తక్కువ. ఉద్యోగరీత్యా నేను ఆరేళ్లు క్లెర్మోన్-ఫెరాన్‌లో ఉన్నాను. పూలిదోర్ కథలో అతి ముఖ్యమైన కొండ ప్వి ద దోమ్ ఆ ఊరి పక్కనే. మా వంటింటి కిటికీలోంచి కనిపించేది. నాకు సైకిల్ పిచ్చి పట్టింది అక్కడే. ఆదివారాలు మాతో కలిసి తొక్కే పెద్దవాళ్లు కాఫీకి ఆగినప్పుడల్లా ఈ పేరు వచ్చేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టూర్ సంగతి కొత్తవాళ్లకు ఒక్క మాట: అది మూడు వారాల రేసు, రోజు రోజుకీ ఒక స్టేజీ. అన్ని స్టేజీల సమయం కలిపితే ఎవరిది తక్కువో వాడే విజేత, ఏ రోజుకారోజు ఆ లెక్కలో ముందున్నవాడు ఎల్లో జెర్సీ వేసుకుంటాడు. ఇక ముందు ఒక లెక్క సరిచేయాలి. పూలిదోర్ అంటే ‘ఎప్పుడూ రెండో స్థానమే’ అని ముద్ర పడిపోయింది. ఫ్రెంచివాళ్లు ఎన్నికల్లో గెలుపు అంచున ఆగిపోయే నాయకుణ్ణి కూడా ‘రాజకీయాల పూలిదోర్’ అనేస్తారు. కానీ టూర్‌లో అతను రెండో స్థానంలో వచ్చింది మూడుసార్లే: 1964, 1965, 1974. మూడో స్థానం ఐదుసార్లు: 1962, 1966, 1969, 1972, 1976. అంటే 14 టూర్లు మొదలుపెట్టి, 12 పూర్తిచేసి, ఎనిమిదింటిలో పోడియం ఎక్కాడు. మొదటి పోడియం నాటికి వయసు 26, చివరిదానికి 40. ఏడు స్టేజీలు గెలిచాడు. టూర్ బయటికి వస్తే 1961లో మిలాన్-సాన్ రేమో, అదే ఏడాది ఫ్రాన్స్ జాతీయ ఛాంపియన్‌షిప్, 1963లో ఫ్లెష్ వాలోన్, 1964లో స్పెయిన్ టూర్ వుయెల్తా, 1972, 1973లలో పారీ-నీస్. ఇది ఓడిపోయేవాడి చిట్టా కాదు.

పుట్టింది 1936 ఏప్రిల్ 15న, ఫ్రాన్స్ నడిబొడ్డున క్రూజ్ అనే జిల్లాలో, మాస్బరో-మెరీన్యా అనే చిన్న ఊళ్లో. సొంత భూమి లేదు. తల్లిదండ్రులు పంటలో వాటా ఇచ్చి సేద్యం చేసుకునే కౌలు రైతులు. ఆ నేల సారం లేనిది, ఎంత చాకిరీ చేసినా చాలదు. పధ్నాలుగేళ్లకే బడి మాన్పించి పొలానికి పంపారు. మొదటిసారి రైలెక్కింది సైన్యంలో నిర్బంధ సేవకు వెళ్లినప్పుడు. అల్జీరియా యుద్ధంలో డ్రైవర్‌గా పనిచేసి, ప్రాక్టీసు లేక 12 కిలోలు ఒళ్లు పెరిగి ఇంటికొచ్చాడు. నెలరోజుల్లో ఆ బరువంతా దించేశాడు. పెరా-ల-షాతో అనే ఊళ్లో ఒక పోటీలో రెండో స్థానంలో వస్తే 80 వేల పాత ఫ్రాంకులు చేతికొచ్చాయి. పొలంలో ఆరేళ్లు చాకిరీ చేసినా అంత మిగలదని అప్పుడే లెక్క వేసుకున్నాడట. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. రెండో స్థానం అన్నది అతనికి మొదట్నుంచీ అవమానం కాదు, ఇంటికి తెచ్చిన సంపాదన.

1960లో మెర్సియే టీమ్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. ముందూ వెనకా స్పాన్సర్ల పేర్లు మారినా 1977లో సైకిల్ దిగేదాకా అదే టీమ్. అక్కడ మేనేజర్ ఆంతోనాన్ మాన్య్, 1931, 1934 టూర్ల విజేత. రేసుకి తెల్లకోటు, బెరే టోపీ వేసుకొచ్చే మనిషి, సొంత రైడర్లను కూడా ‘మీరు’ అనే పిలిచేవాడు. 1961 మిలాన్-సాన్ రేమోలో టైరు పంక్చరై పూలిదోర్ రేసు వదిలేద్దామనుకుంటే, వదలనివ్వకుండా ముందుకు తోసింది ఈయనే. పూలిదోర్ చివరి కొండ పొజ్జియో మీద అందర్నీ వదిలించుకుని, ముగింపు దగ్గర పోలీసు తప్పు దారి చూపించినా వెనక్కి తిరిగొచ్చి, బెల్జియం దిగ్గజం రిక్ వాన్ లోయ్ కన్నా 3 సెకన్ల ముందు గీత దాటాడు. సెకన్లు ఎప్పుడూ అతనికి ఎదురే తిరిగాయనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ రేసే.

1962లో మొదటి టూర్. చేతి ఎముక విరిగి కట్టుతోనే మొదలుపెట్టాడు, మొదటి రోజే ఎనిమిది నిమిషాలు పోయాయి. అయినా ఆల్ప్స్ దాటి ఎక్స్-లె-బాన్‌లో ఒంటరిగా స్టేజీ గెలిచి, పారిస్‌లో మూడో స్థానంలో నిలిచాడు. అంక్‌తిల్‌కు అసలైన ప్రత్యర్థి దొరికాడని దేశమంతా అనుకోవడం అప్పుడే మొదలైంది.

ఇక 1964. మీ ప్రశ్నకు సగం జవాబు ఈ ఒక్క టూర్‌లోనే ఉంది, అందుకే ఇక్కడ తొందరపడను.

ఆ వసంతంలో పూలిదోర్ వుయెల్తా గెలిచి వచ్చాడు. అంక్‌తిల్ ఇటలీ టూర్ జీరో గెలిచి, అలసటతో వచ్చాడు. ఆ రోజుల్లో స్టేజీ గెలిచినవాడికి మొత్తం సమయంలోంచి ఒక నిమిషం తగ్గించేవారు, రెండోవాడికి 30 సెకన్లు. ఈ బోనస్ సంగతి తెలియకపోతే ఆ టూర్ అర్థం కాదు.

బ్రియాన్సోన్ నుంచి మొనాకో వెళ్లే స్టేజీ. ముగింపు స్టేడియం లోపలి ట్రాక్ మీద. గీతను మొదటిసారి దాటాక ఇంకో రౌండు తిరగాలి. పూలిదోర్ మొదటిసారే ప్రాణం పెట్టి స్ప్రింట్ చేసి గీత దాటి, అయిపోయిందనుకుని వేగం తగ్గించాడు. రౌండు మిగిలే ఉంది. అంక్‌తిల్ ఆ రౌండు పూర్తిచేసి స్టేజీ గెలిచి, నిమిషం బోనస్ పట్టుకుపోయాడు. ఇందులో దురదృష్టం ఏమీ లేదు. రూట్ బుక్ సరిగ్గా చూసుకోకపోవడం, టీమ్ కారులోంచి గట్టిగా గుర్తుచేయకపోవడం, అంతే.

తర్వాత అండోరాలో విశ్రాంతి రోజు. అంక్‌తిల్ వేటపోతు మాంసం కాల్చే విందుకు వెళ్లి కడుపునిండా తిన్నాడు, ఆ ఫోటోలు పేపర్లకెక్కాయి. దానికి తోడు ఆ టూర్‌లోనే అతను చనిపోతాడని ఒక జ్యోతిష్కుడు ముందే చెప్పి ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే, స్టేజీ మొదలవగానే ఆన్వలీరా కనుమ ఎక్కాలి. పూలిదోర్ బృందం విరుచుకుపడింది. అంక్‌తిల్ కాళ్లు కదలక నాలుగు నిమిషాలు వెనకబడ్డాడు. మేనేజర్ జెమీనియాని సీసాలో షాంపేన్ పోసి ఇచ్చాడని కథ చెబుతారు. అవతలి వైపు చిక్కటి మంచులో కార్ల బ్రేకు లైట్లు చూసుకుంటూ అంక్‌తిల్ ప్రాణాలకు తెగించి దిగాడు, ముందువాళ్లను అందుకున్నాడు. ఇంతవరకూ అతని గొప్పతనమే, ఒప్పుకోవాలి.

తులూజ్ ఇంకో పాతిక కిలోమీటర్లుందనగా పూలిదోర్ చక్రంలో పుల్లలు విరిగాయి. ఆగాడు. మెకానిక్ చక్రం మార్చి, త్వరగా ఎక్కించాలన్న కంగారులో గట్టిగా తోశాడు. ఆ తోపుకి పూలిదోర్ కిందపడ్డాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. రెండున్నర నిమిషాలకు పైగా పోయాయి. మర్నాడే పిరెనీస్ కొండల్లో ఒంటరిగా వెళ్లి లుషోన్ స్టేజీ గెలిచి, పోయిందాన్ని చాలావరకు తిరిగి తెచ్చుకున్నాడు. అలా కిందపడ్డ మనిషి 24 గంటల్లో అలా లేవడమే నన్ను ఎప్పుడూ కట్టిపడేస్తుంది. ఆ తర్వాత బయోన్ టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజీలో, పంక్చరైనా రెండో స్థానంలో వచ్చాడు. గెలిచింది అంక్‌తిల్, ఎల్లో జెర్సీ అతనికి చేరింది. ఇద్దరి మధ్యా తేడా 56 సెకన్లు.

అప్పుడొచ్చింది ప్వి ద దోమ్. తేదీ 1964 జులై 12.

ఈ కొండ గురించి రెండు మాటలు చెప్పనివ్వండి. ఇది చల్లారిన అగ్నిపర్వతం. చివరి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు శిఖరం చుట్టూ పాము చుట్టినట్టు తిరుగుతుంది. వాలు దాదాపు 12 శాతం, ఒకే తీరుగా. మామూలు కనుమల్లో మలుపు దగ్గర వాలు కాస్త తగ్గి ఊపిరి అందుతుంది. ఇక్కడ మలుపే లేదు, ఒకటే వంపు. ముందు ఎంత దూరముందో కనపడదు. ఇప్పుడు ఆ రోడ్డులో సగం పళ్లచక్రాల రైలు తీసుకుంది, సైకిళ్లను పోనివ్వరు. నేను కింద సెస్సా కనుమ దాకా చాలాసార్లు తొక్కాను కానీ పైకి మాత్రం రైల్లోనే వెళ్లాను. కిటికీకి ముఖం ఆనించి చూస్తే రైలు పక్కనే ఆ పాత రోడ్డు కనిపిస్తుంది. రైలే మూలుగుతూ ఎక్కుతున్న ఆ వాలు చూశాక, 200 కిలోమీటర్లకు పైగా తొక్కి వచ్చి అక్కడ పక్కవాడి భుజాన్ని ఢీకొట్టే ఓపిక మనుషులకు ఎలా మిగిలిందో నాకు అర్థం కాలేదు.

ముందు స్పెయిన్ కొండవీరులు హిమేనెస్, బహమోంతెస్ వెళ్లిపోయారు. వెనక వీళ్లిద్దరూ పక్కపక్కన. అంక్‌తిల్ కొండవైపు, పూలిదోర్ బయటివైపు. సైకిల్ తెలిసినవాళ్లు గమనించాల్సింది ఇక్కడే. అలిసిపోయినవాడు సాధారణంగా ఎదుటివాడి వెనక చక్రం పట్టుకుని దాక్కుంటాడు. అంక్‌తిల్ అలా చేయలేదు, పక్కనే సమానంగా తొక్కాడు. లోపల ప్రాణం పోతున్నా ‘నాకేం కాలేదు’ అని చూపించడానికి. పూలిదోర్ తల తిప్పి అతని ముఖం చూసి ఉంటే నిజం తెలిసేదేమో. ఒక క్షణంలో మోచేతులు, భుజాలు తగిలాయి. ఆ ఫోటో ఫ్రాన్స్‌లో చూడని ఇల్లుండదు. మేం ఆగే ఒక కెఫేలో అది గల్లా పెట్టె వెనక గోడకు ఉండేది, పొగకు పసుపెక్కిపోయి. ఆ కెఫే పెద్దాయన అందరిలా మోచేతులు చూపించడు. పూలిదోర్ చూపు మీద వేలు పెట్టేవాడు. “చూడు, నేల చూస్తున్నాడు, పక్కవాణ్ణి చూడట్లేదు” అనేవాడు.

చివరి కిలోమీటరులో అంక్‌తిల్ విరిగిపోయాడు. పూలిదోర్ ముందుకు దూకాడు. అప్పటికి దూరం అయిపోవచ్చింది. గీత దగ్గర తేడా 42 సెకన్లు. 56లోంచి 42 తీసేస్తే 14. అంక్‌తిల్ కుప్పకూలినట్టు సైకిల్ దిగి ఎంత మిగిలిందని అడిగాడట. 14 సెకన్లని చెబితే, “నాకు కావలసినదానికన్నా 13 ఎక్కువే” అన్నాడని చెబుతారు. బోనస్‌లు ఇద్దరు స్పెయిన్‌వాళ్లకు పోయాయి, మూడో స్థానానికి ఏమీ లేదు. కొండ అడుగునే దాడి చేసి ఆ స్టేజీ గెలిచి ఉంటే ఆ సాయంత్రమే పసుపు జెర్సీ పూలిదోర్ ఒంటి మీద ఉండేది.

చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు టైమ్ ట్రయల్. అందులో అంక్‌తిల్ ప్రపంచంలోనే మొనగాడు. 21 సెకన్లు ఎక్కువ సంపాదించాడు, గెలిచినందుకు ఇంకో 20 బోనస్. 14, 21, 20. మొత్తం 55 సెకన్లు. మూడు వారాల రేసులో తేడా అంతే.

మొనాకోలో ఆ ఒక్క రౌండు గుర్తుంటే చాలు, ఈ లెక్క తిరగబడేది. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను: 1964లో ఫ్రాన్స్‌లో బలమైన కాళ్లు పూలిదోర్‌వి, బలమైన బుర్ర అంక్‌తిల్‌ది. టూర్‌కు రెండూ కావాలి, కాబట్టి అంక్‌తిల్ గెలుపులో అన్యాయం లేదు. కానీ పూలిదోర్ తక్కువ రైడర్ కాబట్టి ఓడాడన్నది మాత్రం శుద్ధ తప్పు.

ఇక 1965 నుంచి 1968 దాకా. అసలు టూర్ గెలవాల్సింది ఈ నాలుగేళ్లలోనే. 1965లో అంక్‌తిల్ రాలేదు, దారి ఖాళీ అనుకున్నారు. పూలిదోర్ మోన్ వాంతూ శిఖరం మీద గెలిచాడు కూడా. కానీ ఎవరూ పట్టించుకోని 22 ఏళ్ల ఇటలీ కుర్రాడు ఫెలీచె జిమోండి, ప్రొఫెషనల్‌గా మొదటి ఏడాదే, టూర్ ఎత్తుకుపోయాడు. 1966లో అంక్‌తిల్ తనకిక గెలుపు లేదని తెలిశాక తన టీమ్ కుర్రాడు లూసియెన్ ఎమార్‌కు దన్నుగా నిలిచాడు. తురీన్ స్టేజీలో ఎమార్ జారుకుంటే, అంక్‌తిల్ మీదే కళ్లు పెట్టుకున్న పూలిదోర్ వెంటపడలేదు. 1967లో తన అవకాశం పోయాక పట్టుదలకు పోకుండా తోటి ఫ్రెంచివాడు రోజే పెన్జోన్‌కు పనిచేసి గెలిపించాడు. 1968లో మాంచి ఫామ్‌లో ఉండగా ఒక మోటార్‌సైకిల్ వచ్చి గుద్దింది. ముక్కు పగిలి, ముఖమంతా నెత్తురుతో స్టేజీ పూర్తిచేసి, తర్వాత తప్పుకున్నాడు. వీటిలో 1968 ఒక్కటే నా లెక్కలో పూర్తిగా దురదృష్టం. 1966 మాత్రం ఎదుటివాడి ఎత్తును చదవలేకపోవడమే.

1969లో బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ వచ్చాడు, ఐదు టూర్లు గెలవబోయేవాడు. ఆ తలుపు ఇక మూసుకుపోయింది.

చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు. నాకు ఇష్టమైన భాగం ఇక్కడే మొదలవుతుంది. 1972 పారీ-నీస్ చివరి రోజు, నీస్ పైన ఎజ్ కొండ మీద టైమ్ ట్రయల్. 36కు దగ్గరపడిన పూలిదోర్, సైకిల్ లోకాన్నంతా ఏలుతున్న 26 ఏళ్ల మెర్క్స్ చేతుల్లోంచి ఆ రేసు లాక్కున్నాడు. మొత్తం మీద తేడా 6 సెకన్లు. మరుసటేడు మళ్లీ గెలిచాడు. 1973 టూర్‌లో పోర్తే దాస్పే కనుమ దిగుతూ లోయలో పడి తలకు గాయమై ఇంటికి పోయినవాడు, 1974లో 38 ఏళ్ల వయసులో తిరిగొచ్చి ప్లా దాదే కొండ మీద మెర్క్స్‌ను వెనక వదిలేసి స్టేజీ గెలిచాడు, టూర్‌లో రెండో స్థానం సాధించాడు. ఆ ఏడాదే మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ మెర్క్స్ తర్వాత రెండోవాడు. 1976లో నలభై నిండాక మూడో స్థానం. ఇవాళ్టి శిక్షణ, తిండి, వైద్యం ఏవీ లేని కాలంలో.

మరి అంత ప్రేమ ఎందుకంటారా? అంక్‌తిల్‌ను పట్నపు బాబుగా, పూలిదోర్‌ను పల్లె బిడ్డగా జనం విడదీసుకున్నారు. నిజానికి అంక్‌తిల్ తండ్రి కూడా నార్మండీలో స్ట్రాబెర్రీలు పండించినవాడే. కానీ అంక్‌తిల్ ఎంత అవసరమో అంతే తొక్కి, టైమ్ ట్రయల్‌లో సరిపెట్టేవాడు. ఆ లెక్క జనానికి చలువరాయిలా అనిపించింది. పూలిదోర్ మాట్లాడితే సొంత ప్రాంతం లిమూజాన్ యాస, మొహాన ఎండకు కమిలిన రంగు, పడితే లేచి నవ్వు. 1960ల్లో పల్లెలు ఖాళీ అవుతూ రైతు బిడ్డలు ఫ్యాక్టరీలకు పోతున్న ఫ్రాన్స్‌లో, అలాంటివాడు తమ ఇంట్లోవాడిలా కనిపించాడు. ముద్దుగా ‘పూపూ’ అనుకున్నారు. తనకు ఎంత దురదృష్టం పడితే జనం అంత ప్రేమించారని, డబ్బు కూడా అంత వచ్చిందని అతనే చెప్పుకున్నాడు. అంక్‌తిల్‌కు ఇది చాలాకాలం మంటగానే ఉండేది. గెలుస్తున్నది తను, చప్పట్లు వాడికి. సైకిళ్లు దిగాక మాత్రం ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. 1987లో కడుపు క్యాన్సర్‌తో చనిపోయే ముందు అంక్‌తిల్ తనతో, “చూశావా, ఇందులోనూ నువ్వు రెండోవాడివే” అన్నాడని పూలిదోర్ తర్వాత చెప్పేవాడు.

రిటైరయ్యాక కూడా ప్రతి జులైలో టూర్‌తో పాటే తిరిగేవాడు. ఎల్లో జెర్సీ స్పాన్సర్ బ్యాంకుకు ప్రచారకర్తగా పసుపు చొక్కా వేసుకుని, వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఆటోగ్రాఫ్ ఇచ్చేవాడు. 2019 నవంబర్ 13న సెయిన్-లెయొనార్-ద-నోబ్లాలో 83 ఏళ్ల వయసులో పోయాడు. 2023లో టూర్ ఒక స్టేజీని ఆ ఊరి నుంచే మొదలుపెట్టి, 35 ఏళ్ల తర్వాత మళ్లీ ప్వి ద దోమ్ శిఖరం మీద ముగించింది. రైలు మూలంగా చోటు చాలదని చివరి నాలుగు కిలోమీటర్లలోకి జనాన్ని రానివ్వలేదు. లక్షలమంది అరుపుల మధ్య 1964లో ఆ ఇద్దరూ ఎక్కిన రోడ్డు మీద ఆ రోజు వినిపించినవి ఊపిరులూ గొలుసుల చప్పుడూ.

ఇప్పుడు మీరు చూసిన ఆ ఏడుపు దగ్గరికి. పూలిదోర్ కూతురిని పెళ్లాడిన ఆద్రీ వాన్ డెర్ పూల్ 1984లో ఒకరోజు ఎల్లో జెర్సీ వేసుకున్నాడు. అల్లుడికి దక్కింది, మామకు లేదు. 2021 జూన్ 27న, రెండో స్టేజీ ఉదయం మనవడు మాథ్యూ 18 సెకన్ల వెనక ఉన్నాడు. ఆ రోజు మూర్-ద-బ్రెతాన్య్ కొండను రెండుసార్లు ఎక్కాలి. మొదటిసారి పైకి చేరిన మొదటివాడికి 8 సెకన్ల బోనస్, రెండోసారి గెలిచినవాడికి 10. చాలామంది చివరి ఎక్కుడు కోసం బలం దాచుకుంటుంటే మాథ్యూ మొదటి ఎక్కుడులోనే దాడి చేసి ఆ 8 తీసుకున్నాడు, కాస్త ఊపిరి తీసుకుని రెండోసారి మళ్లీ దాడి చేసి 10 తీసుకున్నాడు. ఎల్లో జెర్సీలో ఉన్న అలాఫిలిప్ అతని వెనక 8 సెకన్లకు వచ్చాడు. తేడా సరిగ్గా అంతే, జెర్సీ చేతులు మారింది. గీత దాటుతూ వేలు ఆకాశం వైపు చూపించాడు. మొనాకోలో తాత లెక్క తప్పింది ఏ బోనస్ దగ్గరో, మనవడు రెండు ఎక్కుళ్లనూ లెక్కపెట్టుకుని గెలిచింది ఆ బోనస్‌తోనే.